ఆక్వాపోనిక్స్: మొదటి పంటగా ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఆక్వాపోనిక్స్ అంటే చేపల ట్యాంకు నీళ్లను కంకర మడుల్లోకి తిప్పి, ఆ నీళ్లతోనే మొక్కలు పెంచడం. కొత్తగా చేపల ట్యాంకు పెట్టినవాళ్లు మొదటే టమాటా నారు తేకండి. కొత్త నీళ్లలో మొక్కలకు కావాల్సిన నైట్రేట్ (నత్రజని రూపం), పొటాష్ రెండూ తక్కువే. మొక్క ఏపుగా పెరిగినా పూత రాలిపోతుంది.

ముందు ఆకుకూరలే. ఎండాకాలమైతే తోటకూర, బచ్చలి, గోంగూర. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పాలకూర, కొత్తిమీర. ఏప్రిల్‌లో కొత్తిమీర వేస్తే ఆకు కంటే ముందు పువ్వే వస్తుంది! పుదీనా బాగా వస్తుంది కానీ వేర్లు పైపుల్లో దూరి నీళ్లను ఆపేస్తాయి, దాన్ని విడి కుండీలోనే ఉంచండి. క్యారెట్, ముల్లంగి కంకరలో వంకర్లు పోతాయి, వద్దు.

నాటే ముందు టెస్ట్ కిట్‌తో చూడండి: చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా, దాని నుంచి ఏర్పడే నైట్రైట్ సున్నాకు దగ్గరగా ఉండాలి, చివరికి తయారయ్యే నైట్రేట్ కనబడాలి. ట్యాంకు పెట్టాక ఈ స్థితికి రావడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నారు వేర్ల మట్టి పూర్తిగా కడిగి నాటండి.

మడి ఎంత ఉండాలన్న లెక్క చేపలకు వేసే మేత మీదే: ఆకుకూరల మడి చదరపు మీటరుకు రోజుకు 40–50 గ్రాముల మేత, కాయగూరలకు 50–80.

లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం. పీహెచ్ 7 దాటితే ఇది మామూలే. 11 శాతం ఇనుము ఉన్న డీటీపీఏ ఐరన్ (మొక్కలు తీసుకోగలిగేలా కరిగి ఉండే ఇనుము మందు) 500 లీటర్ల నీళ్లకు 9 గ్రాములు కలపండి. ఇనుము మందుల్లోనే ఈడీటీఏ అనే మరో రకం ఆ పీహెచ్‌లో నిలవదు. పేనుబంక వస్తే నీళ్ల జల్లుతో కడిగేయడమే. పురుగుమందులు వద్దు, వేపనూనె కూడా చేపలకు ప్రమాదం.

మూడు నెలలు దాటాక మిర్చి, టమాటా గురించి మాట్లాడుకుందాం.