ముందు బెంచీ మీద కూర్చుని చూడు

విజయనగరం

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. టెక్సస్‌లో నువ్వు చేరాలనుకుంటున్న మూడు బ్రెజిలియన్ జియు జిట్సు స్కూళ్ల లింకులూ చూశాను, అదే, నేల మీద పట్టుకుని లొంగదీసే కుస్తీలాంటి ఆట. ఒకదానికి గోడ నిండా మెడల్సే. ఇంకోటి ఎంఎంఏ జిమ్, అన్నిరకాల పోరాటాలూ కలిపి నేర్పేది. మూడోది మీ అపార్ట్‌మెంట్ దగ్గర, లాండ్రీ పక్కన చిన్న షట్టర్లో నడుస్తున్నది. "జూడో మాస్టారివి కదా నాన్నా, ఏది మంచిదో చెప్పేయ్" అన్నావు. వీడియోల్లో అందరూ బాగానే పడేస్తారమ్మా. అక్కడికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు. ఏం చూడాలో నేను చెప్తాను. ఫోన్లో అయితే సగంలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకని రాస్తున్నాను.

చాలాచోట్ల మొదటి క్లాసు ఉచితం. అది చేసే ముందు ఒకరోజు ఊరికే వచ్చి బెంచీ మీద కూర్చుని చూస్తానని అడుగు. కుదరదంటే ఆ స్కూలు సంగతి అక్కడే తేలిపోయింది. ఒళ్లు వేడెక్కించే కసరత్తు, ఆ రోజు పాఠం, జంటలుగా సాధన అయ్యాక చివర్లో రోలింగ్ పెడతారు. ఐదారు నిమిషాల చొప్పున నిజంగా పట్టుకుని పెనుగులాడటం. అప్పుడు మెడల్స్ కొట్టినవాళ్ల వంక చూడకు. ఆ గదిలో అందరికంటే కొత్తగా చేరింది ఎవరో చూడు. నడుముకు బెల్టు నిలవదు, నిమిషానికోసారి ముడి వేసుకుంటూ ఉంటారు, ఇట్టే పోల్చుకోవచ్చు. ఆ మనిషి కొన్నేళ్లుగా నేర్చుకుంటున్న ఓ పర్పుల్ బెల్టు చేతికి చిక్కినప్పుడు ఏం జరుగుతుందో గమనించు. పెద్దవాడు తన బరువంతా వేసి నలిపేస్తున్నాడా, కాస్త సందిచ్చి, తప్పించుకుంటుంటే చూసి, మళ్లీ పట్టుకుంటున్నాడా? కొత్తవాడు చేత్తో రెండుసార్లు తట్టాడనుకో, అదే ట్యాప్, ఓడిపోయాను వదిలెయ్ అని అర్థం, పట్టు ఆ క్షణాన వదులుతున్నాడా, ఇంకో బిగింపు బిగించి వదులుతున్నాడా? ఆ ఇంకో బిగింపు కనపడితే నేర్పే ఆయన ముఖం చూడు. ఆయనకు కనపడనట్టే ఉంటే నువ్వు లేచి వచ్చెయ్. ప్రపంచ ఛాంపియన్ స్కూలైనా సరే.

నా లెక్క ఇంతే. గోడ మీద మెడల్స్ ఆ స్కూల్లో గట్టివాళ్లు ఎంత గట్టివాళ్లో చెబుతాయి. నువ్వు చేరేది మెత్తనిదానిగా.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రాలు జియు జిట్సు క్లాసుకు వెళ్లేవాణ్ణి కదా, అప్పటికే జూడోలో బ్లాక్ బెల్టు నాకు. అక్కడ మళ్లీ కొత్తవాళ్ల తెల్ల బెల్టు కట్టుకున్నాను. మొదటి సాయంత్రం ఓ ఇంజినీరింగ్ కుర్రాణ్ణి శుభ్రంగా ఎత్తి పడేశాను. తర్వాత కింద కలబడ్డాం. జూడోలో మాకు ఒక అలవాటు ఉంటుంది. వెల్లకిలా పడేసి ఇరవై సెకన్లు అదిమిపెట్టినా ఆట పోతుంది కనుక, బోర్లా తిరిగి, మోచేతులు పొట్టకు చేర్చి, రిఫరీ "మాతే", అంటే ఆగండి, అనేదాకా ముడుచుకుని ఉంటాం. అలాగే ముడుచుకున్నాను. అక్కడ మాతే అనేవాడు లేడు. ఆ కుర్రాడు తాపీగా వీపెక్కి, రెండు మడమలూ నా తొడల లోపల తగిలించి, గడ్డం కింద నుంచి చెయ్యి దూర్చాడు. ట్యాప్ చేశాను. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. వీపెక్కితే వాళ్ల పోటీల్లో 4 పాయింట్లు, గుండెల మీద కూర్చున్నా 4. మేమెంతో మురిసిపోయే పడేయడానికి మాత్రం 2. ఎక్కడ విలువ కట్టారో చూడు.

ఈ ఆట పుట్టుక మాత్రం జూడో కడుపునే. జూడో పుట్టిన బడి కొడోకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయెదా అనే జపాన్ యోధుడు 1914లో బ్రెజిల్ చేరాడు, తర్వాత బెలెంలో స్థిరపడ్డాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడే కార్లోస్ గ్రేసీ. ఆయనా, తమ్ముడు హీలియో, వాళ్ల పిల్లలూ కలిసి నేల మీది ఆటను ఇంత చేశారు. 1993లో డెన్వర్‌లో రకరకాల పోరాట విద్యలవాళ్లు తలపడ్డ మొదటి యూఎఫ్‌సీ పోటీలో హీలియో కొడుకు రాయిస్ తనకంటే బలిసినవాళ్లను వరసగా లొంగదీశాక ప్రపంచమంతా ఎగబడింది. బలంతో, బరువుతో పనిలేదనే మాట అప్పటినుంచీ స్కూళ్ల బోర్డులెక్కింది. నమ్మకు. ఏమీ తెలియని బరువైనవాణ్ణి తెలిసిన బక్కవాడు గెలుస్తాడు, నిజమే. ఇద్దరికీ తెలిస్తే బరువే గెలుస్తుంది. నువ్వు యాభై కిలోలు దాటవు. నీకంటే రెట్టింపు ఉన్న కొత్త తెల్ల బెల్టు "రోల్ చేద్దామా" అంటే నవ్వి వద్దను. ఎవరికైనా వద్దనే హక్కు అక్కడ ఉంటుంది, కారణం చెప్పక్కర్లేదు. తోటివాళ్లలో బాగా దెబ్బ తగిలించేది బ్లాక్ బెల్టులు కారు. ఏం చేస్తున్నాడో తనకే తెలియక, ఊపిరి బిగబట్టి గింజుకునే కొత్త మగపిల్లలు. మొదట్లో నీకు మంచి జోడీ నీలం బెల్టో, పైబెల్టో కట్టిన ఆడవాళ్లు. అలాంటివాళ్లు ఆ స్కూల్లో ఇద్దరు ముగ్గురైనా ఉన్నారా, ఎన్నేళ్లుగా వస్తున్నారు, అది అడుగు. ఆడపిల్లలు చేరి మూడు నెలల్లో మాయమైపోయే స్కూలైతే ఏదో ఉందన్నమాటే.

ఇంకో సంగతి మీ అమ్మ చెప్పమంది, నేనూ చెప్పాలనుకున్నదే. అక్కడ బ్లాక్ బెల్టును ప్రొఫెసర్ అంటారు, మ్యాట్ ఎక్కుతూ వంగి దండం పెడతారు. మనకు గురువంటే భయభక్తులు ఎలాగూ ఉన్నాయి. దండం పెట్టు, తప్పులేదు. కానీ రాత్రిపూట మెసేజీలు పెట్టేవాడు, అడగకుండా విడిగా నేర్పుతానని వెంటపడేవాడు, వేరే స్కూల్లో ఓపెన్ మ్యాట్‌కు, అంటే పాఠం లేని సాధనకు, వెళ్తే ద్రోహం అన్నట్టు మాట్లాడేవాడు గురువు కాడు. మొహమాటపడకు. ఫీజు పోతే పోయింది.

నేర్పేవాడికి బ్లాక్ బెల్టు ఎవరు కట్టారని అడగొచ్చు. ఈ ఆటలో అది తప్పు ప్రశ్న కాదు, గురువు పేరు, ఆయన గురువు పేరు గడగడా చెప్తారు. నసిగితే అనుమానించాల్సిందే. బ్రౌన్ బెల్టో పర్పులో నేర్పుతుంటే నాకేం అభ్యంతరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. తెలుపు, నీలం, పర్పుల్, బ్రౌన్, బ్లాక్, ఇదీ వరస. ఈ ఆట పోటీలు నడిపే సమాఖ్య ఐబీజేజేఎఫ్ లెక్కలో నీలంలోనే కనీసం 2 ఏళ్లు ఉండాలి. మామూలు మనిషికి బ్లాక్ బెల్టు అందేసరికి పదేళ్లో, ఇంకా ఎక్కువో. మూడేళ్లలో బ్లాక్ బెల్టు ప్యాకేజీ అని ఎవడైనా కాగితం చూపిస్తే ఆ కాగితం అక్కడే పెట్టేసి రా.

కాగితం అంటే గుర్తొచ్చింది. ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టకు, నెలనెలా కట్టేదే చూసుకో. వేసవిలో ఇంటర్న్‌షిప్ ఏ సియాటిల్లో వస్తుందో, బ్యాంకులోంచి డబ్బు మాత్రం టెక్సస్‌లో కట్ అవుతూ ఉంటుంది. మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మధ్యలో ఆపి పెట్టుకోవచ్చా, బెల్టు ఇచ్చినప్పుడల్లా వేరే ఫీజు ఉందా, ఇవి నోటిమాటగా కాదు, రాసింది చదువుకో. మీ స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఆటల్లో తగిలిన దెబ్బలకు పనికొస్తుందో లేదో కూడా చూడు. యూనివర్సిటీ రెక్ సెంటర్లో, అదే మీ వ్యాయామశాలలో, క్లబ్బు ఉంటే ముందు అక్కడికే వెళ్లమంటాను, ఖర్చు తక్కువ. నీకు కారు లేదు కనుక వారానికి రెండుసార్లు నడిచి వెళ్లగలిగింది, నలభై నిమిషాలు ఎవరి కారో ఎక్కి వెళ్లే గొప్ప స్కూలు కంటే మేలు.

శుభ్రం విషయంలో మొండిగా ఉండు. మ్యాట్లు రోజూ మందు వేసి తుడుస్తున్నారా, వాష్‌రూమ్‌కు ఒట్టికాళ్లతో వెళ్లి అలాగే మ్యాట్ ఎక్కుతున్నారా చూడు. ఈ ఆటలో ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కువగా అంటేది తామర. క్లాసు అవగానే స్నానం, గీ, అంటే ఆట దుస్తులు, ప్రతిసారీ ఉతకాలి, బెల్టు కూడా. బెల్టు ఉతికితే విద్య పోతుందనే పిచ్చి నమ్మకం నువ్వు పెట్టుకోకు. గీ నూలుది, వేడి గాలి డ్రయ్యర్లో వేస్తే పొట్టిదైపోతుంది, దండెం మీద ఆరెయ్. గోళ్లు పొట్టిగా తీసుకో. చెవి పోగులు, ముక్కుపుడక తీసేసి వెళ్లు. అమ్మమ్మ ఏమన్నా సరే.

ఇక నువ్వు నేర్చుకునేది. వెల్లకిలా పడుకుని, ఒక పాదం నేలకు దన్ను పెట్టి, పక్కకు ఒత్తిగిలి, పిరుదుల్ని వెనక్కి తన్నుకుంటూ మ్యాట్ ఆ చివరిదాకా జరగమంటారు. ష్రింప్ అంటారు దాన్ని. విసుగ్గా ఉంటుంది, సిగ్గుగా కూడా ఉంటుంది. శ్రద్ధగా చెయ్, మొదటి ఏడాది నిన్ను బయటపడేసేది అదే. గుండెల మీద ఎవరైనా కూర్చుంటే కొత్తవాళ్లందరూ రెండు చేతులూ చాపి తోస్తారు. పైవాడికి కావాల్సింది ఆ చాచిన చెయ్యే, మోచెయ్యి వెనక్కి విరిచే ఆర్మ్‌బార్ పట్టు వేస్తాడు. మోచేతులు పక్కటెముకలకు అంటించుకో. పాదాలు దగ్గరకు లాక్కుని నడుము పైకెత్తి అతన్ని ముందుకు తూలించు, ఆ సందులో ఒత్తిగిలి ష్రింప్ చెయ్. నీ మోకాలు నీ మోచేతిని తాకిందంటే సగం బయటపడ్డట్టే. గొప్ప పట్లన్నీ తర్వాత.

ట్యాప్ మాత్రం తొందరగా చెయ్. మెడకు రెండు వైపులా రక్తం ఆగితే కొద్ది సెకన్లలోనే స్పృహ పోతుంది. మోచెయ్యి నొప్పిగా ముందు హెచ్చరిస్తుంది. మడమ తిప్పే హీల్ హుక్ అలా చెప్పదు, నొప్పి తెలిసేసరికి మోకాలి లిగమెంట్ తెగి ఉంటుంది. తెల్ల బెల్టుకు పోటీల్లో అది నిషేధం. క్లాసులో ఎవరైనా నీ మడమ పట్టుకుంటే చెయ్యి తట్టడమే కాదు, నోటితోనూ "ట్యాప్" అని అరిచి చెప్పు. 1951లో బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు కిమురా చెయ్యి మెలితిప్పితే హీలియో గ్రేసీ విరిగినా తట్టలేదు. ఆ పట్టుకు కిమురా పేరే స్థిరపడింది. హీలియో పంతాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు ప్రతి స్కూల్లో ఉంటారు. నాకు అందులో నచ్చే మనిషి, ఇక చాలని టవల్ విసిరేసిన అన్న కార్లోస్.

చదివి చూస్తే నా మొగ్గు ఆ షట్టర్ స్కూలు వైపే ఉన్నట్టుంది. అయినా నువ్వు కళ్లారా చూశాకే. గీ ఇప్పుడే కొనకు, కొన్నిచోట్ల తెల్లదే వేసుకోవాలంటారు, ట్రయల్‌కు వాళ్లే ఇస్తారు. డబ్బు నీ అకౌంటుకు సోమవారం వేస్తాను. శనివారం చూసొచ్చి ఫోన్ చెయ్, నీకు మధ్యాహ్నం పన్నెండంటే మాకు రాత్రి పదిన్నర, మెలకువగానే ఉంటాను. చెవులు గోబీ పువ్వులా ఉబ్బుతాయని మీ అమ్మ ఎక్కడో చూసి రెండు రోజులుగా నా బుర్ర తింటోంది. చెవులకు వేసుకునే తొడుగు అమ్ముతారు, ఒకటి కొనుక్కుని ఫోటో పంపు.

ప్రేమతో,
నాన్న