తెలుగు సంఘం విద్యా కమిటీ వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటేడు సర్వసభ్య సమావేశంలో మీరంతా చప్పట్లు కొట్టి ఆమోదించిన పుస్తకాల నిధి సంగతి ముందు చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో మన ఊరి కమ్యూనిటీ కాలేజీకి విరాళాలు సేకరించే ఫౌండేషన్‌కు ఇచ్చిన ఆ డబ్బులో సగం కూడా ఖర్చు కాలేదు. కాలేజీ వాళ్లను అనడానికి లేదు. ఒప్పంద పత్రంలో "పాఠ్యపుస్తకాలకు మాత్రమే" అని రాసింది మనమే. ఆ "మాత్రమే" అన్న మాట పట్టుబట్టి పెట్టించింది నేనే. డబ్బు దుబారా కాకూడదని అప్పటి నా జాగ్రత్త.

దాత ఏ పనికని రాసిస్తే ఫౌండేషన్ దాన్ని ఆ పనికే వాడాలి. ఈలోగా చాలామంది లెక్చరర్లు ఉచితంగా దొరికే ఆన్‌లైన్ పుస్తకాలకు మారిపోయారు. పుస్తకం ఖర్చు లేని క్లాసులేవో కోర్సుల షెడ్యూల్‌లోనే గుర్తు పెట్టి చూపాలని కాలిఫోర్నియా చట్టం కూడా ఉంది. పిల్లలు చూసుకుని వాటిలోనే చేరుతున్నారు. ఇంక పుస్తకాల డబ్బు ఎవరడుగుతారు?

డబ్బు అసలు ఎక్కడ కావాల్సి వచ్చిందో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చూడ్డానికి వెళ్లినప్పుడు తెలిసింది. కోఆర్డినేటర్ గారు మా చేతిలో ఒక కాగితం పెట్టారు. కోర్సులో చేరేవాళ్లు తెచ్చుకోవాల్సినవి అందులో ఉన్నాయి: యూనిఫాం, బూట్లు, టీబీ పరీక్ష, వేలిముద్రల ఫీజు, సెకన్ల ముల్లున్న చేతి గడియారం. గడియారం ఎందుకండీ, ఫోన్ ఉంటుందిగా అన్నాను. పేషెంట్ చేయి పట్టుకుని నాడి లెక్కపెట్టేటప్పుడు రెండో చేత్తో ఫోన్ పట్టుకుంటారా అని ఆవిడ నవ్వారు.

ఇవన్నీ పేషెంట్ల దగ్గరికి వెళ్లకముందే సమకూర్చుకోవాలి. ఫీజు పెద్ద సమస్య కాదు, రాష్ట్రవాసులకు యూనిట్‌కు (కోర్సు బరువును యూనిట్లలో కొలుస్తారు) 46 డాలర్లే. 2012 నుంచి పెరగలేదు. చిక్కంతా ఈ చిల్లర ఖర్చుల దగ్గరే. తక్కువ ఆదాయమున్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటూ దీనికి ఆదుకోదు. ఈ కోర్సుకు రాష్ట్రం పెట్టిన కనీస శిక్షణ 60 గంటల థియరీ, 100 గంటల క్లినికల్ (పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ), మొత్తం 160 గంటలు. పెల్‌కు మామూలుగా 600 గంటల ప్రోగ్రామైనా ఉండాలి. 150 గంటల పైబడిన పొట్టి కోర్సులకు 2026 జూలై 1 నుంచి పెల్ ఇచ్చేలా 2025 జూలైలో చట్టం వచ్చింది కానీ, ఏ కోర్సులు అర్హమో ముందు రాష్ట్రం తేల్చాలి. ఈలోపు చేరేవాళ్ల సంగతి మనలాంటి వాళ్లే చూడాలి.

"ఇంత గిరాకీ ఉంటే సీట్లు పెంచొచ్చుగా" అని కార్యవర్గంలో ఒకరన్నారు. థియరీ గదిలో ఇంకో నాలుగు కుర్చీలు వేయొచ్చు. క్లినికల్‌లో మాత్రం ఒక్క ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 15 మందికి మించకూడదని రాష్ట్ర నియమం. పదహారో మనిషిని చేర్చుకోవాలంటే ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌కు జీతం ఇవ్వాలి. అది మన చందాలతో అయ్యే పని కాదు.

రెండోది కాలేజీలో జరిగే ఇంగ్లీష్ క్లాసులు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చిన అమ్మాయిలు, గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది పేర్లిచ్చారు. క్రెడిట్ లేని, అంటే డిగ్రీ లెక్కలోకి రాని, క్లాసులు కాబట్టి ఫీజు లేదు. మనం పెట్టిన డబ్బూ లేదు. ఫ్రీయే కదా అని మనవాళ్లు రెండు వారాలు వెళ్లి మానేయడం మొదలుపెట్టారు. అక్కడే కాలేజీ లెక్కల సంగతి తెలుసుకున్నాం. మామూలు క్రెడిట్ క్లాసులకు ఎక్కువగా టర్మ్‌లో అయిదో వంతు గడిచిన రోజున ఎంతమంది ఉన్నారో చూసి రాష్ట్రం దగ్గర లెక్క చూపిస్తారు. ఈ క్లాసుల్లో అలా కాదు, మనిషి కూర్చున్న గంటలే లెక్క. అలాంటి గంటలు 525 పోగైతే ఒక ఫుల్‌టైమ్ విద్యార్థి కింద జమ. అంటే మనవాళ్లు ఇంట్లో కూర్చున్న ప్రతి పూటా కాలేజీకి రావాల్సిన డబ్బు తగ్గినట్టే. క్లాసు పలచబడితే వచ్చే టర్మ్‌లో అది ఉంటుందన్న నమ్మకం లేదు.

ఎందుకు మానేశారని ఇంటింటికీ ఫోన్ చేశాం. ఇంగ్లీష్ కష్టమని ఒక్కరూ అనలేదు. దింపేవాళ్లు లేరన్నారు. ఇద్దరు సభ్యులు వంతులవారీగా కారు తీయడంతో చాలామంది మళ్లీ మొదలుపెట్టారు. కోడలి మీద ఆధారపడకుండా క్లాసుకు వెళ్లొస్తున్నానని ఓ పెద్దావిడ మన పిక్నిక్‌లో మైకు తీసుకుని మరీ చెప్పారు. కోడలు పక్కనే ఉంది లెండి, ఆవిడే ఎక్కువ సంతోషించింది.

కాలేజీలో తెలుగు కోర్సు పెట్టించే విషయం ఎక్కడిదక్కడే ఉంది. మనం డబ్బిస్తే కాలేజీ రేపే మొదలుపెడుతుందనుకున్నాం. క్రెడిట్ కోర్సు కావాలంటే ముందు అధ్యాపకుల కరికులం కమిటీ, ఆ తర్వాత కాలేజీ బోర్డు ఒప్పుకోవాలి. చెప్పేవాళ్లకు నిర్ణీత అర్హతలుండాలి. ఇంతా చేసి సరిపడా పేర్లు రాకపోతే క్లాసు రద్దవుతుంది. కమ్యూనిటీ ఎడ్యుకేషన్ కింద పెడితే త్వరగా అవుతుంది కానీ దానికి రాష్ట్రం పైసా ఇవ్వదు, చేరినవాళ్ల ఫీజుతోనే నడవాలి. ముందు పాతిక పేర్లు చేతిలో ఉంటే అప్పుడు మాట్లాడదామని నా అభిప్రాయం. ఇప్పటికి తొమ్మిదే వచ్చాయి, అందులో రెండు మా ఇంట్లోవి.

మరో మాట. "నేనిచ్చిన డబ్బు మా తమ్ముడి కొడుక్కి ఇప్పించండి" అని ఈ ఏడు కూడా ఒకరిద్దరు అడిగారు. ఫలానా మనిషికని ఇచ్చేది విరాళం కాదు, దానికి పన్ను మినహాయింపు రాదు. ఎవరికివ్వాలో కాలేజీయే చూస్తుంది. మీ అబ్బాయిని కూడా అందరిలాగే అప్లై చేయమనండి. మీ విరాళానికి తోడు కంపెనీ కూడా ఇవ్వడానికి పెట్టే మ్యాచింగ్ ఫారం నింపనివాళ్లు దయచేసి నింపండి. అయిదు నిమిషాల పని.

జమాఖర్చుల పట్టిక ట్రెజరర్ గారు విడిగా పంపారు. ఈసారి సమావేశంలో ఒక్క తీర్మానం పెడుతున్నాం: నిధి పత్రంలో "పాఠ్యపుస్తకాలకు మాత్రమే" అన్నది తీసేసి "కోర్సు పూర్తి చేయడానికి అవసరమైన ఖర్చులకు" అని మార్చడం. మీరు ఒప్పుకుంటే ఆ వారంలోనే ఫౌండేషన్‌కు ఉత్తరం రాస్తాం. స్ప్రింగ్ సెమిస్టర్ బ్యాచ్‌కు యూనిఫాంలు, గడియారాలు అందుతాయి.

కన్వీనర్, విద్యా కమిటీ