ఈ-రూపాయి వేరు, బిట్‌కాయిన్ వేరు

సంపాదకులకు నమస్కారం.

ఈ-రూపాయినీ బిట్‌కాయిన్‌నూ చాలామంది ఒకే గాటన కట్టేస్తున్నారు. 2022 డిసెంబర్ 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలైన ఈ-రూపాయి రిజర్వ్ బ్యాంకు జారీ చేసే డిజిటల్ సొమ్ము. జేబులో నోటుకు ఎంత విలువో దానికీ అంతే. 2009లో పుట్టిన బిట్‌కాయిన్ కూడా డిజిటల్ సొమ్మే గానీ, దానికి పూచీ పడే నాథుడే లేడు. దాని చిట్టా వేలాది కంప్యూటర్లలో ఉంటుంది. దాదాపు 10 నిమిషాలకో కొత్త పేజీ చేరుతుంది. ప్రతి పేజీలోనూ దానికి ముందున్న పేజీ ముద్ర ఉంటుంది కాబట్టి పాత లెక్క ఎక్కడ దిద్దినా ఇట్టే దొరికిపోతుంది. ఇలా పేజీలు గొలుసుకట్టుగా ఉండే చిట్టానే బ్లాక్‌చెయిన్ అంటారు, అంతే.

లెక్క పకడ్బందీయే, ధరకే హామీ లేదు. బిట్‌కాయిన్‌పై లాభమొస్తే 30 శాతం పన్ను. నష్టమొస్తే వేరే ఆదాయంలో సర్దుకునే వీల్లేదు. వాట్సాప్‌లో ‘నెలకు రెట్టింపు’ అని ఊదరగొట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మీ బిజినెస్ పేజీలో రోజూ ధరలతో పాటు ఇదీ వేయండి.

— ఓ పాఠకుడు, తెనాలి