భయపడితే విశ్వాసం లేనట్టేనా?

సంపాదకులు గారికి,

మళ్లీ వానలు మొదలయ్యాయి. మా సింగ్‌నగర్ వైపు ఎవరిని కదిపినా అదే మాట, బుడమేరు వాగు ఎలా ఉందంట అని. 2024 సెప్టెంబరు 1 ఆదివారం నాడు ఇళ్లు మునిగి, పై అంతస్తుల్లోనూ డాబాల మీదా చిక్కుకుపోయి, డ్రోన్లు తెచ్చే ఆహార పొట్లాల కోసం ఆకాశంలోకి చూసినవాళ్లకి ఇప్పుడు ఉరుము వింటే గుండె దడ రావడంలో వింతేముంది? ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, దాని చరిత్రలో అంత వరద ఎప్పుడూ లేదు.

వరద గురించి మీ పేపర్లో చాలానే వచ్చింది కాబట్టి అది వదిలేస్తాను. ప్రార్థన కూటాల్లో ఎవరైనా "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండీ, టెన్షన్‌గా ఉంటోంది" అని నోరు తెరిస్తే చాలు, పక్కనుంచి ఎవరో ఒకరు "విశ్వాసం తగ్గిందమ్మా నీకు" అనేస్తున్నారు. మంచి ఉద్దేశంతోనే అంటారు, కాదనను, కానీ దాంతో ఆవిడ భయం ఏమీ పోదు, పైగా మళ్లీ ఎవరితోనూ చెప్పుకోదు.

భయాలన్నిటిలోంచీ దేవుడు తప్పించాడని బైబిల్లో 34వ కీర్తనలో పాడిన దావీదు సంగతి మొదటి సమూయేలు 21వ అధ్యాయంలో చూడండి. మహాకాయుడైన గొల్యాతును చంపిన మనిషే, సౌలు రాజుకు భయపడి పారిపోయి, ఎక్కడా చోటు లేనట్టు గొల్యాతు ఊరైన గాతుకే వెళ్లాడు, అదీ గొల్యాతు కత్తి పట్టుకుని! అక్కడివాళ్లు గుర్తుపట్టేసరికి హడలిపోయి, తలుపుల మీద గీతలు గీస్తూ, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ, పిచ్చివాడిలా నటించి బయటపడ్డాడు. 56వ కీర్తన కూడా గాతులో చిక్కినప్పటిదే అని దాని పైనే రాసి ఉంది. "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటాడందులో. అలాంటి దినం నాకు రాదు అనలేదు. అంతెందుకు, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువే మనసు కలతపడి, ముగ్గురు శిష్యుల్ని వెంటబెట్టుకెళ్లి, నాతో మెలకువగా ఉండండి అని అడిగాడు (వాళ్లు నిద్రపోయారు, అది వేరే విషయం).

కాబట్టి వణుకుతూ ప్రార్థన చేసేవాళ్లని తక్కువ చేసి మాట్లాడకండి. గుణదల కొండెక్కేవాళ్లలో, దుర్గమ్మ మెట్లెక్కే మా పక్కింటివాళ్లలో ధైర్యంగా ఉండి వెళ్లేవాళ్లు ఎంతమంది చెప్పండి? పాస్టర్‌గారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక, ఆ రాత్రికి ఇంకో ఇద్దరు ఆవిడ ఇంట్లో తోడు పడుకుంటే ఎంత బాగుంటుంది! అప్పటికీ దడ, నిద్రలేమి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి. మందు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టు అని బెదిరించేవాళ్లు కూడా ఉన్నారు మన మధ్య, వాళ్ల మాట వినకండి.

మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకోడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చర్చిల్లో ఆదివారం ప్రకటనలు చదివేటప్పుడు ఇదీ చదవమని పెద్దల్ని కోరుతున్నాను. మీరు కూడా ఈ వానాకాలం అంతా జిల్లా పేజీలో వాతావరణం వార్త కింద ఆ నంబరు వేయండి.

ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ