వార్షిక నివేదిక: లిబ్రేఆఫీస్ బగ్గుల మీద ఈ ఏడాది మన పని

సభ్యులందరికీ నమస్కారం.

శిక్షణ తరగతులు, ఇన్‌స్టలేషన్ సాయం ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడాది ఎక్కువ సమయం మాత్రం ఉత్తరాలు, పట్టికలు తయారుచేసుకునే లిబ్రేఆఫీస్ ప్రోగ్రాములో మనకు ఎదురైన తెలుగు ఇబ్బందులను పద్ధతిగా నమోదు చేయడానికే పెట్టాం. అందుకే నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

2010లో మొదలైన ఈ ప్రోగ్రామును ఉచితంగా వాడుకుంటున్నాం. ఇబ్బంది వస్తే, దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లాలో, అంటే బగ్గులు (ప్రోగ్రాములోని తప్పులు) నమోదు చేసే వెబ్‌సైటులో రాయాలి. దాన్ని చదివే వాలంటీరుకు చాలాసార్లు తెలుగు రాదు. "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని రాస్తే పాపం ఆయన ఏం చేయగలరు? మనం చేసినట్టే చేస్తే ఆయన కంప్యూటర్‌లోనూ ఆ తప్పు కనబడాలి. అప్పుడే పని ముందుకు కదులుతుంది.

ఒక సభ్యురాలికి ఎదురైన ఇబ్బందే చూడండి. పత్రికను పీడీఎఫ్‌గా మార్చి, అందులోంచి కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే ఒత్తులు చెల్లాచెదురైపోతున్నాయి. ఆమె మొదట ఫైలు మొత్తం పంపారు. అందరం కలిసి బొమ్మలు తీసేశాం, పట్టికలు తీసేశాం, పేజీలు తగ్గించుకుంటూ వచ్చాం. చివరికి "స్త్రీ" అనే ఒక్క మాట మిగిలింది, తప్పు అలాగే ఉంది. ఇంకో పీడీఎఫ్ రీడర్‌లో తెరిచాం, ఫాంటు మార్చి చూశాం, మన సొంత సెట్టింగులు పక్కనపెట్టి తెరిచే సేఫ్ మోడ్‌లోనూ ప్రయత్నించాం. ఆ తర్వాతే ఏం చేశామో వరసగా, ఏం రావాలో, ఏం వచ్చిందో రాశాం. హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి వెర్షన్ వివరాలు కాపీ చేసి పెట్టాం. కారణం గురించిన మన ఊహను చివర్లో విడిగా, ఊహ అని చెప్పే రాశాం. ఇంత శ్రద్ధగా రాసిన రిపోర్టు చూస్తే నిజంగా సంతోషం వేసింది.

తెర మీదే అక్షరం విరిగి కనబడితే దారి కాస్త వేరు. 2017 నాటి లిబ్రేఆఫీస్ 5.3 వెర్షన్ నుంచి విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ అక్షరాలు పేర్చేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోనూ అదే. అదే ఫాంటుతో ఫైర్‌ఫాక్స్‌లో కూడా విరిగితే ముందు ఫాంటునే అనుమానించాలి. వేరే ఫాంటుతో బాగుంటే, విరిగిన ఫాంటు చేసినవాళ్లకే రాయడం మంచిది.

ఒక్క విషయంలో గట్టిగా చెప్పక తప్పదు. బగ్‌జిల్లాలో జతచేసిన ఫైలును ఎవరైనా చూడొచ్చు. పెన్షన్ దరఖాస్తో, బ్యాంకు ఉత్తరమో ఉన్నదున్నట్టు పెట్టకండి. ఆధార్ నంబర్లు, ఫోను నంబర్లు తీసేసి, ఉత్తుత్తి మాటలతో కొత్త ఫైలు చేసుకోండి.

కొత్తగా రాసేముందు పాతవాటిలో వెతకండి. ఒక రిపోర్టులో ఒకటే బగ్ రాయండి.

ఇప్పటికే రాసినవాళ్లు మీ బగ్ స్థితి చూసుకోండి. "నీడ్‌ఇన్ఫో" అని ఉంటే వాళ్లు మిమ్మల్ని ఏదో అడిగారని అర్థం. నెలల తరబడి జవాబు లేకపోతే దాన్ని మూసేస్తారు. అడిగింది అర్థం కాకపోతే సర్వసభ్య సమావేశానికి ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, అక్కడే కూర్చుని జవాబు రాసేద్దాం.

– కార్యదర్శి