మహేంద్రగిరి దారుల గురించి ఒక విన్నపం

పర్యాటక శాఖ అధికారి గారికి,
నమస్కారాలు. నేను ఒడిశాలోని పర్లాకిమిడి వాణ్ణి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా.

మొన్న మా అమ్మని తీసుకుని మహేంద్రగిరి ఎక్కాను. ఒకప్పుడు మందస జమీందారీలో ఉన్న కొండ ఇది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక మందస అటు మద్రాసు వైపు, కొండ ఇటు ఒడిశా వైపు అయిపోయాయి. శివరాత్రి జాతరకి మాత్రం శ్రీకాకుళం వైపు నుంచి ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు.

పొద్దున మంచు విడుతుంటే భీముడి గుడి కనిపించింది. చూడ్డానికి చిన్నదే గాని, ఆ రాళ్ళు ఒక్కొక్కటీ గుండె ఝల్లుమనేంత పెద్దవి! కాస్త దిగితే ధర్మరాజు గుడి, ఆ కింద కుంతి గుడి. చోళుల శాసనం కూడా ఇక్కడే ఉంది. దాని పక్కనే ఎవరో బొగ్గుతో ప్రేమకథ రాసిపెట్టారు. అది చూసి మా అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

గుడికీ గుడికీ మధ్య కాలిబాటలో మేం దారి తప్పాం. ఒక సవర తాత ముందు నడిచి దారి చూపించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ బాటలకి ఒడియా, తెలుగు, సవర భాషల్లో గుర్తుబోర్డులు పెట్టించండి. ఆ ఊళ్ళ కుర్రాళ్ళకే గైడు పని ఇవ్వండి. శాసనం చుట్టూ చిన్న కంచె వేయించండి.

సిమెంటు మెట్లు, సెల్ఫీ పాయింట్లు మాత్రం వద్దండి. 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన కొండ అది. శివరాత్రి మర్నాడు ప్లాస్టిక్ ఏరడానికి మనుషులు కావాలంటే కబురు పెట్టండి, మా వీధి వాళ్ళం వస్తాం.

ఇట్లు,
పర్లాకిమిడి వాసి