పాయింట్లతో పాటు శాతం కూడా వేయండి

సంపాదకులు గారికి,

మార్కెట్ పడిన మర్నాడు పేపరు తెరిస్తే ఒకటే హెడ్డింగు, మదుపరుల సంపద లక్షల కోట్లు ఆవిరి అని. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, పెద్ద కంపెనీల షేర్ల సూచీ సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడితే ప్రళయం వచ్చినట్టే రాశారు గానీ లెక్క చూస్తే అది ఆరు శాతం లోపే. 2020 మార్చి 23న పడింది 3,935 పాయింట్లే, కానీ అది 13 శాతం పైమాట, పొద్దున పది శాతం పడగానే ట్రేడింగే 45 నిమిషాలు ఆపేశారు. ఏది పెద్ద దెబ్బ?

జూన్‌లో పోయింది మూడు రోజుల్లో తిరిగొచ్చేసింది. అలాగని ఎప్పుడూ ఇంతేలే అని ధైర్యం చెప్పే యూట్యూబ్ పండితుల్ని నమ్మొద్దు. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల దగ్గరికి దిగి, మళ్లీ 21 వేలు చూసేసరికి 2010 నవంబరు వచ్చింది. అందుకే పడ్డప్పుడు ముందు చూసుకోవాల్సింది ఆ డబ్బు మనకి ఎప్పుడు కావాలన్నదే.

2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల దెబ్బకి మార్కెట్ పడ్డ మర్నాడు, మా అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ మాస్టారు మెట్ల దగ్గర నన్ను ఆపి ఫోన్ చూపించారు, అన్నీ ఎర్ర అంకెలే. "అమ్మేయమంటావా బాబూ?" శ్రావణంలో చిన్నమ్మాయి పెళ్లి, ఆ డబ్బేమో స్మాల్‌క్యాప్ ఫండ్‌లో (చిన్న కంపెనీల షేర్లు కొనేది), బ్యాంకులో ఎవరో పెట్టించారట! పెళ్లికి కావాల్సినంత తీసి ఎఫ్‌డీలో వేసేయండి, నష్టమైనా సరే అన్నాను. పదేళ్ల తర్వాత పిల్లల చదువుకని సిప్ (ఫండ్‌లో నెలనెలా వాయిదా) కట్టేవాళ్లు మాత్రం అలాంటప్పుడు దాన్ని ఆపకూడదు, అదే డబ్బుకి యూనిట్లు ఎక్కువొచ్చేది అప్పుడే కదా.

మార్కెట్ పడటం వేరు, కంపెనీ పడటం వేరు. 2009 జనవరి 7న, లెక్కల మోసం బయటపడ్డ ఐటీ కంపెనీ సత్యం షేరు ఒక్క రోజులో 179 నుంచి 40 దరిదాపులకు పడింది, చవగ్గా వస్తోందని ఆరోజే ఇంకా కొని యావరేజ్ చేసినవాళ్ల (సగటు కొనుగోలు ధర తగ్గించుకున్నవాళ్ల) కళ్లముందే ఆ వారంలో ఇంకా దిగింది.

ఇక మార్జిన్ మీద, అంటే కొంత సొమ్మే కట్టి, ఆప్షన్లు (ధర ఎటు పోతుందన్న పందెం లాంటి ఒప్పందాలు) ఆడేవాళ్లకి ఓపిక పట్టే వీలే ఉండదు, అడిగిన అదనపు డబ్బు కట్టకపోతే బ్రోకరే పొజిషన్ (ఆ ఒప్పందం) కోసేస్తాడు. 2024 మార్చితో ముగిసిన మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) లోకి దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది.

మీకు నా మనవి ఒకటే. పాయింట్లు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో శాతం కూడా అంతే పెద్దగా వేయండి. వీలైతే ఆ పక్కనే ఏడాది కిందట సెన్సెక్స్ ఎక్కడుందో కూడా.

- ఒక పాఠకుడు, కాకినాడ